ముందుగా వేసే ఓటు: ఎవరికి ఉంది? ఎలా వేయాలి?



ఓటు అనగానే మనకు గుర్తొచ్చేది పోలింగ్ రోజు, బడిలో బూతు, పొడుగాటి వరుస, వేలికి సిరా చుక్క. కానీ పోలింగ్ రోజుకంటే ముందే, బూతుకు పోకుండానే ఓటు వేసేవాళ్ళు మన దేశంలో లక్షల మంది ఉన్నారు. దానికి చట్టం ఉంది, ఫారాలు ఉన్నాయి, గడువులు ఉన్నాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. పరీక్షలో అడిగితే ‘పోస్టల్ బ్యాలెట్’ అని రాసి ఒక మార్కు తెచ్చుకుంటాం. ఇంట్లో ఎవరికైనా అవసరం పడ్డప్పుడు మాత్రం ఏ ఫారం, ఎవరికివ్వాలి, ఎప్పటిలోగా అన్నది తెలియదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఈ హాస్టల్‌లో ఉన్న మీలో చాలామంది పరిస్థితి కూడా అదే. రేషన్ కార్డు కాగితమైనా, బ్యాంకు ఫారమైనా, ఆస్పత్రి చీటీ అయినా ఇంట్లో వాళ్ళు మన చేతికే ఇస్తారు. ఎనిమిదో తరగతి పిల్లవాడైనా సరే, అమ్మానాన్నలకు వాడే గుమాస్తా. కాబట్టి పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు తమ ఓటు కోసం, నిండనివాళ్ళు ఇంట్లోవాళ్ళ ఓటు కోసం ఈ పాఠం చదవాలి.

ఒక్క మాట ముందే చెబుతాను. ముందుగా ఓటు వేయాల్సినవాళ్ళ ఓటు పోలింగ్ రోజున పోదు. అంతకు మూడు వారాల ముందే, ఒక ఫారం గడువు దాటిన రోజున, ఎవరికీ తెలియకుండా పోతుంది. కింద రాసినదంతా ఆ గడువుల గురించే.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

1950కి ముందు మన దేశంలో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే ఉండేది. డాక్టర్ అంబేద్కర్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు ఓటు హక్కు గురించి, అణగారిన వర్గాల ప్రాతినిధ్యం గురించి వాంగ్మూలం ఇచ్చారు. రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. అప్పుడు వయసు 21. 61వ సవరణ ద్వారా 1989 నుంచి అది 18 అయింది.

ఓటు హక్కు అందరికీ ఇచ్చిన తరువాత, పోలింగ్ రోజున బూతుకు రాలేనివాళ్ళ సంగతేమిటి అన్న ప్రశ్న వచ్చింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 60వ సెక్షన్ కొన్ని తరగతులవారు తపాలా ద్వారా ఓటు వేయవచ్చని చెప్పింది. ఆ పద్ధతంతా 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో ఉంది.

మన దేశపు మొదటి ఎన్నికలు కొందరికి ముందుగానే జరిగాయి. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో చలికాలం మంచు పడితే దారులు మూసుకుపోతాయని అక్కడ 1951 అక్టోబరులోనే పోలింగ్ పెట్టారు. దేశంలో మిగతా చోట్ల ఎక్కువ భాగం 1952 మొదట్లో జరిగింది. 1951 అక్టోబరు 25న కిన్నౌర్‌లో ఓటు వేసిన శ్యామ్ శరణ్ నేగి అనే బడిపంతులును స్వతంత్ర భారత తొలి ఓటరు అంటారు. ఆయన 2022 నవంబరు 2న, 105 ఏళ్ళ వయసులో, ఇంట్లోనే పోస్టల్ బ్యాలెట్ మీద తన చివరి ఓటు వేశారు. మూడు రోజులకు, నవంబరు 5న కన్నుమూశారు. మొదటి ఓటు, చివరి ఓటు రెండూ అందరికంటే ముందే వేసిన మనిషి ఆయన.

ఎవరెవరికి ఉంది?

మన దేశంలో ‘నాకు ఆ రోజు కుదరదు, ముందే వేస్తాను’ అంటే కుదరదు. చట్టం చెప్పిన తరగతిలో ఉండాలి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు ఆ తరగతులు ఇవి:

1. సర్వీసు ఓటర్లు: సైన్యం, కేంద్ర సాయుధ బలగాలు, రాష్ట్రం బయట పనిచేసే సాయుధ పోలీసులు, విదేశాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగులు.
2. ఎన్నికల విధుల్లో ఉన్నవారు: పోలింగ్ సిబ్బంది, పోలీసులు, హోంగార్డులు, ఎన్నికల బండ్ల డ్రైవర్లు, క్లీనర్లు, వీడియో తీసేవారు మొదలైనవారు.
3. 85 ఏళ్ళు దాటిన వృద్ధులు.
4. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారు.
5. ఎన్నికల సంఘం ప్రకటించిన అత్యవసర సేవల్లో ఆ రోజు డ్యూటీలో ఉండేవారు.
6. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు. మామూలు ఖైదీలకు, విచారణ ఖైదీలకు ఓటు వేసే అవకాశం లేదు. ముందు జాగ్రత్తగా నిర్బంధించినవారికి మాత్రం పోస్టల్ బ్యాలెట్ ఉంది. ఈ తేడా పోటీ పరీక్షల్లో అడుగుతారు.

3, 4, 5 తరగతులు 2019 అక్టోబరులో నియమాలు సవరించాక వచ్చినవి. ఆ ఏడాది జార్ఖండ్ ఎన్నికల్లో ఏడు నియోజకవర్గాల్లో మొదట అమలు చేసి చూశారు. అప్పుడు వృద్ధుల వయసు 80. మన 2023 శాసనసభ ఎన్నికల్లో కూడా 80 ఏళ్ళే. 2024 మార్చిలో దాన్ని 85కి పెంచారు. పాత గైడ్లలో 80 అని ఉంటే దిద్దుకోండి.

విద్యార్థులకు ఉందా?

లేదు. హాస్టల్ విద్యార్థికి పోస్టల్ బ్యాలెట్ లేదు, ముందుగా వేసే ఓటూ లేదు. చాలామంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి సూటిగా చెబుతున్నాను. పోలింగ్ రోజున మన పేరు ఎక్కడ ఉంటే అక్కడికి పోవాలి.

అయితే మన చేతిలో ఇంకొకటి ఉంది. పేరు ఎక్కడ ఉండాలో ముందుగా నిర్ణయించుకోవచ్చు. హాస్టల్‌లో ఉండి చదివే విద్యార్థి సొంత ఊరి చిరునామా మీద గానీ, హాస్టల్ చిరునామా మీద గానీ ఓటరుగా నమోదు కావచ్చు. హాస్టల్ చిరునామా కావాలంటే కోర్సు గుర్తింపు పొందినదై, కనీసం ఏడాది పాటు ఉండేదై ఉండాలి. ఈ విద్యార్థి మా దగ్గర చదువుతున్నాడని ప్రిన్సిపాల్ లేదా సంస్థ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం ఫారం 6తో జతచేయాలి. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం నేరం.

ఏది మేలు? క్యాలెండర్ చూసి నిర్ణయించుకోవాలి. తెలంగాణ శాసనసభ పోలింగ్ 2018లో డిసెంబరు 7న, 2023లో నవంబరు 30న జరిగింది. అది కాలేజీలు నడిచే కాలం. లోక్‌సభ పోలింగ్ మనకు 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. మే నెలలో బడులకు, చాలా హాస్టళ్ళకు వేసవి సెలవులు. హాస్టల్ చిరునామా మీద ఓటు ఉన్నవాడు మే నెలలో ఊళ్ళో ఉంటాడు. ఊరి చిరునామా మీద ఓటు ఉన్నవాడు నవంబరులో హాస్టల్‌లో ఉంటాడు. ఊరు మంథని, ధర్మపురి అంత దగ్గరలో ఉంటే ఊరి ఓటే ఉంచుకోవడం మంచిది. పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి వేసి రావచ్చు. ఊరు వందల కిలోమీటర్ల దూరమై, మూడు నాలుగేళ్ళు ఇక్కడే చదివేవాళ్ళు హాస్టల్ చిరునామా గురించి ఆలోచించవచ్చు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. కొత్తగా నమోదుకు ఫారం 6.

పద్దెనిమిదేళ్ళు ఏ తేదీకి నిండాలి? ఇదివరకు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు పెట్టారు. పదిహేడేళ్ళు నిండినవాళ్ళు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బాయి పని, కరెంటు పని చేసేవాళ్ళు

మన ప్రాంతంలో ఈ విషయం ముఖ్యమైనది. గోదావరిఖనిలో బాయి ఆగినా బాయిలో నీళ్ళు ఊరడం ఆగదు. పంపులు తిరగాలి. భూగర్భ గనిలోకి గాలి పంపే ఫ్యాను తిరగాలి. ఎన్‌టీపీసీలో బాయిలర్‌ను ఓటు కోసం ఆర్పి మళ్ళీ వెలిగించరు. రామగుండం ఎన్‌టీపీసీ పాత కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లు. దాని పక్కనే తెలంగాణ ప్రాజెక్టు 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఉన్నాయి. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక షిఫ్టులో మనుషులు ఉండాల్సిందే.

వీళ్ళ ఓటు గురించి చట్టం రెండు మాటలు చెబుతుంది.

మొదటిది సెలవు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం వ్యాపారం, పరిశ్రమ, ఏ ఇతర సంస్థలోనైనా పనిచేసే ప్రతి ఓటరుకు పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. జీతం కోయకూడదు. రోజు కూలీ మీద పనిచేసేవారికి కూడా ఆ రోజు కూలి ఇవ్వాలి. అంటే పర్మనెంటు కార్మికుడికే కాదు, కాంట్రాక్టు కార్మికుడికీ, దుకాణంలో పనిచేసే కుర్రవాడికీ ఈ హక్కు ఉంది. ఇవ్వని యజమానికి 500 రూపాయల వరకు జరిమానా. జరిమానా చిన్నదే, హక్కు మాత్రం పెద్దది. ‘మస్టర్ పోతది’ అని ఓటుకు పోని కాంట్రాక్టు కార్మికులు మన వాడల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఈ సెక్షన్ నంబరు చెప్పడం మన పని.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరు పనిలో లేకపోతే ప్రమాదం గానీ, గణనీయమైన నష్టం గానీ జరుగుతుందో వారికి ఈ సెలవు వర్తించదు. పంపు ఆపరేటర్, ఫ్యాను ఆపరేటర్, బాయిలర్ దగ్గర ఉండేవాడు ఈ మినహాయింపులోకి వచ్చే అవకాశం ఉంది. పోలింగ్ సాధారణంగా పొద్దున 7 గంటలకు మొదలై సాయంత్రం దాకా ఉంటుంది కాబట్టి, షిఫ్టుకు ముందో తరువాతో బూతుకు పోయి వేయగలిగితే వేయాలి. బూతు ఊళ్ళో ఉండి, డ్యూటీ ఇక్కడ ఉంటే ఏం చేయాలి?

అక్కడ వచ్చేది రెండో మాట, అత్యవసర సేవల ఓటరు తరగతి. ప్రతి ఎన్నికకూ ఏయే శాఖలు ఇందులోకి వస్తాయో ఎన్నికల సంఘం జాబితా ప్రకటిస్తుంది. రైల్వే, విద్యుత్తు, అగ్నిమాపక, వైద్య సేవల వంటివి, అనుమతి పొందిన పత్రికా విలేకరులు ఇందులో ఉంటూ వచ్చారు. మన సంస్థ, మన విభాగం ఆ జాబితాలో ఉందో లేదో ఎన్నికల ప్రకటన వచ్చిన వెంటనే చూసుకోవాలి. ఉంటే ఫారం 12డి నింపి, ఆ శాఖ నోడల్ అధికారి చేత ఈయన ఆ రోజు డ్యూటీలో ఉంటారని ధ్రువీకరణ చేయించి, రిటర్నింగ్ అధికారికి అందేలా చూడాలి. వీరికోసం పోలింగ్‌కు ముందు వరుసగా మూడు రోజులు పోస్టల్ ఓటింగ్ కేంద్రం తెరుస్తారు. గుర్తింపు కార్డుతో అక్కడికి పోయి ఓటు వేసి రావాలి. ఇది తపాలాలో పంపేది కాదు, మనిషి స్వయంగా పోయి ముందుగా వేసే ఓటు.

సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు మనందరికీ తెలుసు. 2023 డిసెంబరు 27న జరిగినప్పుడు గనుల మీద, డిపార్టుమెంట్లలో బూతులు పెట్టారు. పని ఉన్న చోటికే పెట్టె వచ్చింది. శాసనసభ ఎన్నికలో అలా కాదు. పెట్టె మన చిరునామా ఉన్న చోటనే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చూసి చాలామంది పొరబడుతుంటారు.

ఇంటికే వచ్చే ఓటు

85 ఏళ్ళు దాటినవారికి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి కూడా ఫారం 12డియే. ఇది ఇలా నడుస్తుంది:

మొదట బూత్ లెవల్ అధికారి, అంటే మనం బీఎల్‌ఓ అని పిలిచే మనిషి, ఇంటికి వచ్చి ఫారం 12డి ఇస్తారు. తీసుకున్నట్టు రసీదు రాయించుకుంటారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఆ ఫారం నింపి తిరిగి ఇవ్వాలి. వైకల్యం ఉన్నవారు ధ్రువపత్రం నకలు జతచేయాలి. ఇష్టం లేనివారు ఫారం ఇవ్వనవసరం లేదు, మామూలుగా బూతుకు పోవచ్చు. ఇది వెసులుబాటే, బలవంతం కాదు.

తరువాత, పోలింగ్‌కు ముందు ప్రకటించిన రోజున ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, భద్రతా సిబ్బంది ఇంటికి వస్తారు. అభ్యర్థుల తరఫు మనుషులకు కూడా ఈ కార్యక్రమం ముందే తెలియజేస్తారు. అధికారులు ఓటరును గుర్తించి, బ్యాలెట్ కాగితం ఇచ్చి, చాటు ఏర్పాటు చేస్తారు. ఓటరు గుర్తు పెట్టి, కవర్లో పెట్టి అంటించి ఇస్తే తీసుకుపోతారు. వీడియో తీసేది కార్యక్రమాన్ని మాత్రమే, ఎవరికి ఓటు వేశారన్నది కాదు.

ఆ రోజు ఓటరు ఇంట్లో లేకపోతే మరొక్కసారి వస్తారు. అప్పుడూ లేకపోతే ఇక రారు. ఫారం 12డి ఒప్పుకుని పోస్టల్ బ్యాలెట్ జారీ అయితే ఓటరు జాబితాలో ఆ పేరు దగ్గర ‘పీబీ’ అని గుర్తు పెడతారు. ఆ తరువాత బూతుకు పోయినా ఓటు వేయనివ్వరు. అందుకే 12డి ఇచ్చినవాళ్ళను ఆ వారంలో బిడ్డ ఇంటికో, పెళ్ళికో తీసుకుపోవద్దు.

మా నాయనమ్మ 2024 మే నెలలో ఇలాగే ఓటు వేసింది. అధికారులు వచ్చేసరికి ఇల్లంతా మనుషులు. మా బాబాయి ‘అవ్వా, గిక్కడ పెట్టు’ అని చెప్పబోతే పోలింగ్ అధికారి ఆయన్ను బయటికి పంపారు. మా నాయనమ్మ అట్టపెట్టె చాటున చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చి మా బాబాయితో, ‘నా ఓటు నేనేస్తిని, నీదేందో నువ్వేసుకో’ అంది. ఇంటికొచ్చిన ఓటుకు పెద్ద ప్రమాదం ఇదే. బూతులో అందరూ సమానం, ఇంట్లో మాత్రం పెద్దరికాలు ఉంటాయి. చూపు లేనివారు, గుర్తు పెట్టలేనంత బలహీనులు 18 ఏళ్ళు నిండిన ఒక సహాయకుణ్ణి తోడు తీసుకోవచ్చు. మిగతావారి దగ్గర ఎవరూ ఉండకూడదు. చదువుకున్నవాళ్ళం గనుక ఇది మనమే ఇంట్లో చెప్పాలి, మనం కూడా పాటించాలి.

ఎన్నికల డ్యూటీకి పోయేవాళ్ళు

మన వార్డెన్ సార్లు, బడి టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు ప్రతి ఎన్నికలోనూ డ్యూటీకి పోతారు. మన పూర్వ విద్యార్థుల్లో పోలీసు కానిస్టేబుళ్ళు, టీచర్లు ఉన్నారు. వీరికి రెండు దారులు.

డ్యూటీ వేరే నియోజకవర్గంలో పడితే ఫారం 12 ఇచ్చి పోస్టల్ బ్యాలెట్ తీసుకోవాలి. డ్యూటీ సొంత నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఎ ఇచ్చి ఎన్నికల డ్యూటీ ధ్రువపత్రం తీసుకోవాలి. దాన్ని ఈడీసీ అంటారు. ఈడీసీ ఉంటే తాను పనిచేస్తున్న బూతులోనే యంత్రం మీద ఓటు వేయవచ్చు.

ఇక్కడ నియోజకవర్గం అంటే ఏ ఎన్నికకు ఆ నియోజకవర్గం. రామగుండం, పెద్దపల్లి, మంథని, ధర్మపురి, మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి ఈ ఏడూ కలిస్తే పెద్దపల్లి లోక్‌సభ స్థానం. రామగుండం ఓటరైన టీచరుకు చెన్నూరులో డ్యూటీ పడిందనుకోండి. లోక్‌సభ ఎన్నికైతే అది సొంత నియోజకవర్గమే, ఈడీసీ చాలు. శాసనసభ ఎన్నికైతే వేరే నియోజకవర్గం, పోస్టల్ బ్యాలెట్ కావాలి.

ఇదివరకు ఈ పోస్టల్ బ్యాలెట్లు ఇంటికి తీసుకుపోయి, నింపి, తరువాత పంపేవారు. దానితో ప్రలోభాలు, ఒత్తిళ్ళు ఉంటాయని 2023 ఆగస్టులో నియమం మార్చారు. ఇప్పుడు డ్యూటీ సిబ్బంది ఫెసిలిటేషన్ కేంద్రంలోనే బ్యాలెట్ తీసుకుని, అక్కడే ఓటు వేసి, అక్కడే ఇచ్చేయాలి. పేరు పోస్టల్ బ్యాలెట్ అయినా పోస్టు డబ్బాతో పని ఇప్పుడు చాలా తక్కువ.

కవరు లోపలి సంగతులు

పోస్టల్ బ్యాలెట్‌తో పాటు కొన్ని కాగితాలు ఇస్తారు. ఫారం 13ఎ అంటే ఓటరు ప్రకటన. 13బి లోపలి కవరు. 13సి బయటి కవరు. 13డి సూచనల కాగితం. చేయవలసిన పని వరుసగా ఇది:

1. బ్యాలెట్ కాగితం మీద ఒక్క అభ్యర్థి ఎదుట మాత్రమే స్పష్టంగా గుర్తు పెట్టాలి. సంతకం గానీ, పేరు గానీ రాయకూడదు. ఎవరి ఓటో తెలిసేలా ఏ గీత ఉన్నా చెల్లదు.
2. బ్యాలెట్‌ను లోపలి కవరు 13బిలో పెట్టి అంటించాలి. కవరు మీద బ్యాలెట్ వరుస సంఖ్య ఉండాలి.
3. ప్రకటన 13ఎలో అదే వరుస సంఖ్య రాసి, సంతకం చేసి, అధికారి చేత ధ్రువీకరణ చేయించాలి.
4. ప్రకటనను లోపలి కవరులో పెట్టకూడదు. ప్రకటన, లోపలి కవరు విడివిడిగా బయటి కవరు 13సిలో పెట్టాలి.

లెక్కింపు రోజున మొదట తెరిచేది పోస్టల్ బ్యాలెట్లనే. ప్రకటన లేకపోయినా, సంతకం లేకపోయినా, రెండు చోట్ల సంఖ్యలు కలవకపోయినా లోపలి కవరు తెరవకుండానే పక్కన పెడతారు. లెక్కింపు మొదలయ్యే సమయానికి అందని కవర్లు కూడా చెల్లవు.

ఇదంతా చిన్న విషయం అనుకోవద్దు. 2017లో గుజరాత్‌లోని ధోల్కా నియోజకవర్గంలో గెలుపు తేడా 327 ఓట్లు. అక్కడ లెక్కించకుండా తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు 429. కేసు హైకోర్టుకు పోయింది. 2020 మే నెలలో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. తరువాత సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలుపై స్టే ఇచ్చింది. గెలుపు తేడా కంటే తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువగా ఉంటే, ఫలితం ప్రకటించే ముందు వాటన్నిటినీ తిరిగి పరిశీలించాలని ఎన్నికల సంఘం నిబంధన. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రకటన మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేని బ్యాలెట్లు చెల్లుతాయా అన్న వివాదం కూడా కోర్టు మెట్లెక్కింది.

మన దగ్గర కూడా తక్కువ తేడాలున్నాయి. 2018లో మన పక్కనున్న ధర్మపురిలో గెలుపు తేడా 441 ఓట్లు. ఆసిఫాబాద్‌లో 171. ఒక పెద్ద హాస్టల్‌లో ఉండే పిల్లల సంఖ్య అంత.

జవాన్లు, గల్ఫ్ అన్నలు, వలసపోయినవాళ్ళు

సైన్యంలో, సీఆర్‌పీఎఫ్‌లో చేరిన మన అన్నలు ఫారం 2 ద్వారా సొంత ఊరి జాబితాలో సర్వీసు ఓటరుగా చేరవచ్చు. 2016 నుంచి వారికి బ్యాలెట్ కాగితాన్ని కంప్యూటర్ ద్వారా పంపుతున్నారు. దాన్ని ముద్రించుకుని, గుర్తు పెట్టి, తపాలాలో తిరిగి పంపుతారు. సైనికులు కావాలంటే ఊళ్ళో ఒకరిని తమ బదులు ఓటు వేయడానికి నియమించుకోవచ్చు. 2003 నుంచి ఈ వెసులుబాటు ఉంది.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఫారం 6ఎ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు వేయాలంటే మాత్రం విమానమెక్కి ఊరికి రావాలి. బదులు ఓటు ఇచ్చే బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొంది, 2019లో సభ రద్దుతో మురిగిపోయింది. వేల రూపాయల టికెట్ కొని ఒక ఓటు కోసం వచ్చే కూలీ ఎవరుంటారు?

దేశం లోపల భివండికి, సూరత్‌కు, ముంబైకి వలసపోయినవాళ్ళకూ ముందస్తు ఓటు లేదు. వాళ్ళు ఉన్న చోటనే ఓటు వేసేలా 72 నియోజకవర్గాలకు పనికొచ్చే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరి 16న పార్టీలకు చూపించడానికి పిలిచింది. పార్టీల మధ్య ఏకాభిప్రాయం రాలేదు.

వేరే దేశాల్లో ఎలా ఉంది? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఏ కారణం చెప్పకుండానే పోలింగ్‌కు ముందే కేంద్రానికి పోయి ఓటు వేయవచ్చు, లేదా తపాలాలో పంపవచ్చు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేసినవారిలో నూటికి 43 మంది దాకా తపాలా ద్వారానే వేశారు. ఒరెగాన్ రాష్ట్రంలో 2000 సంవత్సరం నుంచి అధ్యక్ష ఎన్నిక మొత్తం తపాలా మీదనే నడుస్తోంది. అక్కడ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు వారం ముందే ఓటేశామని ఫోటో పెడితే, మనకూ అలాగే ఉందనుకోకూడదు. అక్కడ అది అందరికీ ఉన్న సదుపాయం, ఇక్కడ కొన్ని తరగతులకే ఉంది. అక్కడ తపాలా నమ్మకం మీద నడుస్తుంది. ఇక్కడ ఓటు రహస్యాన్ని కాపాడేందుకు బూతు మీదనే ఎక్కువ నమ్మకం పెట్టారు. ఇంటింటా ఒత్తిళ్ళున్న సమాజంలో ఆ జాగ్రత్త అవసరమే. కానీ వలసకూలీకి దారి చూపనంతవరకు ఆ జాగ్రత్త సగమే.

గడువుల పట్టిక

2023 శాసనసభ ఎన్నికల తేదీలు చూస్తే మొత్తం అర్థమవుతుంది.

అక్టోబరు 9: ఎన్నికల తేదీల ప్రకటన.
అక్టోబరు 31: ఈ ఎన్నికకు ఓటరుగా నమోదు కావడానికి చివరి రోజు. నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందు వరకే దరఖాస్తు తీసుకుంటారు.
నవంబరు 3: నోటిఫికేషన్. ఇక్కడి నుంచి అయిదు రోజులే ఫారం 12డికి గడువు.
నవంబరు 10: నామినేషన్ల చివరి తేదీ.
నవంబరు 30: పోలింగ్.
డిసెంబరు 3: లెక్కింపు.

చూశారా? నామినేషన్లు ఇంకా పూర్తి కాలేదు, అభ్యర్థులెవరో తేలలేదు, మైకులు వీధిలోకి రాలేదు. అప్పటికే 85 ఏళ్ళ అవ్వ ఫారం గడువు అయిపోయింది. మైకు మోగినప్పుడు మేలుకుంటే ఆలస్యమైనట్టే.

మనం చేయవలసినవి

1. తేదీల ప్రకటన వచ్చిన రోజునే ఇంట్లో అందరి పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేవో చూడాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ, 1950 నంబరుకు ఫోన్ చేసి గానీ తెలుసుకోవచ్చు. ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన జాబితాలో పేరు ఉన్నట్టు కాదు.
2. వాడలో 85 దాటినవారు, వికలాంగులు ఎవరున్నారో రాసుకుని బీఎల్‌ఓకు చెప్పాలి. ఓటరు జాబితాలో వయసు తప్పుగా ఉంటే ఫారం 8తో ముందే దిద్దించాలి. జాబితాలో 70 అని ఉంటే నిజంగా 90 ఏళ్ళున్నా ఫారం రాదు.
3. కాంట్రాక్టు పని చేసేవారికి పోలింగ్ రోజు సెలవు, ఆ రోజు కూలి గురించి చెప్పాలి.
4. హాస్టల్ చిరునామా, ఊరి చిరునామాలలో ఏదో ఒకటి ఎన్నికలు లేనప్పుడే తేల్చుకోవాలి.
5. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం వేరుగా జరుపుతుంది. ఇక్కడ చెప్పినవి శాసనసభ, లోక్‌సభ ఎన్నికలవి. స్థానిక ఎన్నికలప్పుడు అప్పటి నియమాలు అడిగి తెలుసుకోవాలి.

చదువు వచ్చిన మొదటి తరం మీద ఒక బాధ్యత ఉంటుంది. మన తాతలకు ఓటు వచ్చేనాటికి అక్షరం రాలేదు. వాళ్ళు గుర్తులు చూసి, వరుసలో నిలబడి, ఎండలో నడిచి ఓటు వేశారు. ఇప్పుడు వాళ్ళ కాళ్ళు నడవలేనప్పుడు ఓటు ఇంటికి వస్తానంటోంది. మధ్యలో అడ్డంగా ఉన్నది ఒక ఫారం, అయిదు రోజుల గడువు. ఆ ఫారం నింపగలిగిన చెయ్యి ఆ ఇంట్లో మనదే.

ఈ సంచికను ఊరికి పోయేటప్పుడు సంచిలో పెట్టుకుని పోండి. ఎన్నికలు వచ్చినప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.